134వ రోజు ఆగిపోయిన గీత, మూడు వారాలు సాగిన ఒక్క కీర్తన

 

ఈ వారం వీడియోలో ఒక ప్రశ్న గురించి మాట్లాడుకున్నాం. "రోజూ ఏదో ఒక గ్రంథం చదవాలనుకుంటాను, నెల తిరిగేలోపు ఆగిపోతాను, ఏం చెయ్యాలి?" అని. వీడియోలో టైం చాలక చెప్పలేకపోయిన సంగతి ఒకటి ఉంది. అది ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. కొంచెం నా సొంత గోడు కూడా ఉంటుంది, ఓర్చుకోండి.

ముందే ఒక మాట. ఇందులో బైబిల్ గురించి, దాన్ని క్రైస్తవులు చదువుకునే పద్ధతి గురించి చాలా ఉంటుంది. నేను కృష్ణుణ్ణి నమ్ముకున్నవాణ్ణి, అందులో ఏ మార్పూ లేదు. మా రూమ్మేట్ క్రైస్తవుడు, గుంటూరు వైపు వాడు. నాలుగేళ్ళుగా ఒకే ఫ్లాట్‌లో ఉంటున్నాం. వాడు నన్ను ఒక్కసారి కూడా చర్చికి రమ్మనలేదు, నేను వాణ్ణి గుడికి లాగలేదు. కానీ రోజూ గ్రంథం చదవడంలో ఆనందం ఎలా ఉంటుందో నేను కళ్ళారా చూసింది వాడి దగ్గరే. మంచి అలవాటు పక్కింట్లో కనపడితే నేర్చుకోవడంలో మనకి చిన్నతనం ఏముంది చెప్పండి?

నంబరు పెరిగింది, గీత తగ్గింది

నాన్న పోయి రెండేళ్ళు దాటింది. ఆయనకి గీత అంటే ప్రాణం. పన్నెండో రోజు అయ్యాక అమ్మతో అన్నాను, "రోజూ గీత చదువుతానమ్మా, రెండు శ్లోకాలైనా సరే" అని. లెక్క కూడా వేసుకున్నాను. 700 శ్లోకాలు, రోజుకి రెండు, 350 రోజులు. దాదాపు సంవత్సరీకం నాటికి పూర్తవుతుంది. ఇంజనీరు బుర్ర కదా, ఏ పనికైనా ముందు ఎస్టిమేట్ వేస్తుంది.

ఫోన్‌లో ఒక యాప్ వేసుకున్నాను. చదివాక "పూర్తయింది" అని నొక్కితే స్ట్రీక్ ఒకటి పెరుగుతుంది. మొదటి కొన్ని వారాలు బాగానే ఉంది. తర్వాత తర్వాత నాకు శ్లోకం కన్నా ఆ నంబరే ముఖ్యమైపోయింది. క్యాబ్‌లో చదివాను, లిఫ్ట్‌లో చదివాను, మీటింగ్‌లో కెమెరా ఆపేసి చదివాను. రాత్రి 11:50కి గుర్తొచ్చి, కళ్ళు మూసుకుపోతుంటే చదవకుండానే నొక్కేసిన రోజులు కూడా ఉన్నాయి. దేవుడి దగ్గర అటెండెన్స్ వేయించుకోవడం అన్నమాట.

135వ రోజు రాత్రి ఆఫీసులో రిలీజ్. ఏదో పగిలింది. తెల్లవారుజామున నాలుగింటికి ఇంటికొచ్చి ఫోన్ చూస్తే స్ట్రీక్ సున్నా.

ఆ సున్నా చూసి నాకు బాధ కన్నా సిగ్గు ఎక్కువ వేసింది. నాన్న కోసం ఒక్క సంవత్సరం నిలబెట్టుకోలేకపోయానే అనిపించింది. యాప్ తీసేశాను. తర్వాత దాదాపు ఏడు నెలలు గీత ముట్టుకోలేదు. సంవత్సరీకానికి ఊరెళ్తే అమ్మ అడిగింది, "గీత ఎంతవరకు వచ్చిందిరా?" అని. "అవుతోందమ్మా" అన్నాను. నాన్న ఫోటో ఎదురుగానే ఉంది. ఆ అబద్ధం నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు.

డైనింగ్ టేబుల్ దగ్గర గొణుగుడు

మా రూమ్మేట్ సంగతి చెప్తాను. పొద్దున్నే ఆరున్నరకి టీ గ్లాసు పక్కన పెట్టుకుని, అట్ట ఊడిపోయిన తెలుగు బైబిల్ ముందేసుకుని కూర్చుంటాడు. పెదాలు కదుపుతూ ఏదో గొణుగుతుంటాడు. ఒక్కోసారి తనలో తనే నవ్వుకుంటాడు. ఒక్కోసారి పావుగంటైనా పేజీ తిప్పడు. తర్వాత లేచి స్నానం చేసి, అందరిలాగే ట్రాఫిక్‌ని తిట్టుకుంటూ ఆఫీసుకి పోతాడు.

ఊరి నుంచి తిరిగొచ్చిన వారంలో ఒక రోజు అడిగాను. "ఎంతవరకు వచ్చావురా?"

"కీర్తనలు, 119లో ఉన్నా."

"ఎప్పట్నుంచి?"

"మూడు వారాలైంది."

నాకు నవ్వొచ్చింది. "మూడు వారాలుగా ఒకే కీర్తనా? ఇలా అయితే పుస్తకం ఎప్పటికి పూర్తి చేస్తావు?"

వాడు నిజంగానే అర్థం కానట్టు చూసి, "పూర్తి చేసి ఏం చెయ్యాలిరా?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు.

ఆ 119వ కీర్తన గురించి కొంచెం చెప్పాలి. బైబిల్లో కీర్తనల గ్రంథం అని ఒకటుంది, మొత్తం 150 కీర్తనలు. వాటిలో అన్నిటికన్నా పొడుగైనది ఇదే, 176 చరణాలు. హీబ్రూ భాషలో 22 అక్షరాలు. ఒక్కో అక్షరంతో మొదలయ్యేవి ఎనిమిదేసి చరణాలు, అలా వర్ణమాల మొత్తం తిరిగొస్తుంది. మనకి అక్షరమాలతో కట్టిన స్తోత్రాలు ఉన్నాయి కదా, అలాంటిదే. ఇంత పొడుగు కీర్తనా దాదాపు అంతా ఒకే విషయం మీద. దేవుడి మాట ఎంత తీపో, తేనె కన్నా ఎలా తీపో చెప్పడమే. వాడు రోజుకి ఒక్క అక్షరం చదువుతున్నాడు. ఎనిమిది చరణాలు, అంతే. 22 రోజులు.

ప్లాన్ వేసినాయన కూడా హెచ్చరించాడు

"నువ్వు పడ్డ గుంటలో నేనూ పడ్డాను" అన్నాడు వాడు. క్రైస్తవుల్లో ఏడాదిలో బైబిల్ మొత్తం చదివే ప్లాన్లు చాలా ఉంటాయి. జనవరి ఒకటిన ఉత్సాహంగా మొదలెడతారు. ఆదికాండం కథలు, నిర్గమకాండంలో మోషే కథ, బండి జోరుగా పోతుంది. ఫిబ్రవరి వచ్చేసరికి లేవీయకాండం. బలులు ఎలా ఇవ్వాలి, శుద్ధి నియమాలేంటి, పేజీల తరబడి విధులు. చాలామంది బండి అక్కడే ఆగుతుంది. మావాడిది నాలుగేళ్ళు వరసగా అక్కడే ఆగిందట.

ఇలాంటి ప్లాన్లలో బాగా పేరున్నది ఒకటి 1842 నాటిది. స్కాట్లండ్‌లో డండీ అనే ఊళ్ళో రాబర్ట్ ముర్రే మెక్‌షేన్ అనే యువ పాస్టర్ తన చర్చివాళ్ళ కోసం తయారు చేశాడు. ఏడాదిలో పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండేసి సార్లు వచ్చేలా రోజువారీ క్యాలెండర్. నూట ఎనభై ఏళ్ళు దాటినా ఇప్పటికీ వాడుతున్నారు.

నన్ను కట్టిపడేసింది ప్లాన్ కాదు. ఆ ప్లాన్ వల్ల వచ్చే ప్రమాదాలు కూడా ఆయనే ముందుగా రాసిపెట్టాడు. ఒకటి, చదవడం ఉత్త లాంఛనంగా మారిపోవడం. రెండు, "నేను రోజూ చదువుతున్నాను" అన్న గర్వం. మూడు, అజాగ్రత్తగా కళ్ళు తిప్పేయడం. నాలుగు, కొందరికి అది మోయలేని కాడిగా తయారవడం. ఈ నాలుగూ విన్నప్పుడు నా 134 రోజుల్ని ఎవరో దగ్గరుండి చూసి రాసినట్టు అనిపించింది. నాలుగూ నేను చేసినవే.

ఇంకో విషయం. ఆ క్యాలెండర్ ఇచ్చింది 1842 డిసెంబరు చివర్లో. 1843 మార్చి 25న మెక్‌షేన్ టైఫస్ జ్వరంతో పోయాడు. వయసు 29. అంటే తన క్యాలెండర్‌ని ఒక్క ఏడాది చివరిదాకా చదివే అవకాశం ఆయనకే దొరకలేదు. ఇంచుమించు నా వయసువాడు. లెక్క ప్రకారం ఆయన స్ట్రీక్ మూడు నెలలు కూడా లేదు. మరి ఆయన చదువు వృథా అయినట్టా? ఈ ప్రశ్న నన్ను బాగా పట్టుకుంది.

నెమరువేయడం

వాడి గొణుగుడు గురించి కూడా అడిగాను. "మనసులో చదువుకోవచ్చుగా?" అని. అప్పుడు తెలిసింది, దానికీ ఒక లెక్క ఉంది.

మొదటి కీర్తనలోనే, దేవుడి ధర్మశాస్త్రంలో ఆనందిస్తూ రాత్రీ పగలూ దాన్ని ధ్యానించేవాడు ధన్యుడు అనే భావం వస్తుంది. నీటి కాలవల పక్కన నాటిన చెట్టుతో పోలుస్తారు అతన్ని. అక్కడ "ధ్యానించడం" అని మనం తెలుగులో చెప్పుకునే చోట హీబ్రూలో ఉన్న మాట "హాగా". కళ్ళు మూసుకుని కదలకుండా కూర్చోవడం కాదు దాని అర్థం. గొంతులో మెల్లగా పలకడం, గొణగడం. అదే బైబిల్లో వేరే చోట సింహం తన వేట ముందు గుర్రుమనడానికీ, పావురం మూలగడానికీ ఇదే మాట వాడారు. మన జపం గుర్తొచ్చిందా? నాకైతే వెంటనే మా నాన్నమ్మ పెదాలు గుర్తొచ్చాయి.

యూరప్‌లో పాతకాలం క్రైస్తవ సన్యాసులు దీన్ని ఇంకా ముందుకి తీసుకెళ్ళారు. ఆరో శతాబ్దంలో బెనెడిక్ట్ అనే ఆయన మఠాలకి ఒక నియమావళి రాశాడు. అందులో పొలం పనికి ఇన్ని గంటలు, గ్రంథపఠనానికి ఇన్ని గంటలు అని విడివిడిగా టైం ఉంటుంది. తమాషా ఏంటంటే, చదివే టైంలో ఎవరైనా చదవకుండా కబుర్లు చెప్పుకుంటున్నారేమో చూడటానికి ఒకరిద్దరు పెద్దలు మఠం అంతా తిరగాలని కూడా రాశాడు. అంటే దాదాపు పదిహేను వందల ఏళ్ళ కిందట, ఫోన్ లేని కాలంలో కూడా, సన్యాసులకే మనసు నిలిచేది కాదు! ఇది తెలిశాక నా మీద నాకు కొంచెం జాలి వేసింది, మంచి అర్థంలోనే.

పన్నెండో శతాబ్దంలో ఫ్రాన్స్ కొండల్లో గ్రాండ్ షార్ట్రూజ్ అనే మఠానికి పెద్దగా ఉన్న రెండవ గిగో, ఈ చదువుని నాలుగు మెట్ల నిచ్చెనగా వివరించాడు. చదవడం, మననం చెయ్యడం, ప్రార్థించడం, చివరికి ఊరికే దేవుడి సన్నిధిలో ఉండిపోవడం. ఆయన పోలిక అచ్చంగా వంటింటిది. చదవడం అంటే ముద్ద నోట్లో పెట్టుకోవడం, మననం అంటే నమలడం, ప్రార్థన అంటే రుచి తెలియడం, నాలుగోది ఆ తీపే.

ఇక్కడ నాకు మన భాష మీద ప్రేమ పొంగుకొచ్చింది. చదివింది మళ్ళీ మళ్ళీ తలుచుకోవడాన్ని మనం ఏమంటాం? నెమరువేసుకోవడం. ఆవు మేసింది మేసి, నీడలో కూర్చుని తీరిగ్గా చేసే పని. లాటిన్‌లో ఆ సన్యాసులు కూడా సరిగ్గా అదే మాట వాడేవారు. ఉపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి చెప్పిన శ్రవణం, మననం, నిదిధ్యాసనం చూడండి, ఈ నిచ్చెనకి ఎంత దగ్గరగా ఉన్నాయో. రెండు దారులూ ఒకటేనని నేను అనను. నమ్మకాలు వేరు, దేవుణ్ణి పిలిచే తీరు వేరు. కానీ నమలకుండా మింగితే రుచి తెలియదన్నది ఇద్దరూ కనిపెట్టారు.

నేను 134 రోజులు మింగాను. ఒక్కరోజు నెమరు వెయ్యలేదు.

ఆనందం అంటే హాయి కాదు

ఇంత చదివినా మనకి ఒక అనుమానం మిగులుతుంది. "రోజూ ఆనందంగా అనిపించాలి కదా, అనిపించకపోతే?" అని.

కిందటేడు మా రూమ్మేట్ వాళ్ళమ్మ చాలా రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. వాడు అక్కడి కారిడార్‌లో కూడా చదివేవాడు. ఒక రాత్రి నేను భోజనం తీసుకెళ్ళాను. వాడి ఒళ్ళో 88వ కీర్తన ఉంది. కీర్తనల్లో ఎంత దుఃఖంతో మొదలైనా చివర్లో సాధారణంగా కాస్త వెలుగు ఉంటుంది. ఈ 88 అలా కాదు. దేవుడా, ఎందుకు మొహం దాచుకున్నావు అని అడిగి, ఆఖరి మాట దాకా చీకట్లోనే ఉండిపోతుంది.

"ఇలాంటిది ఇప్పుడెందుకురా చదవడం?" అన్నాను.

"ఇవాళ నేను అనలేని మాట ఎవరో నా కోసం ముందే అనిపెట్టారు. ఒక్కణ్ణే లేననిపిస్తోంది" అన్నాడు.

వాడి కళ్ళ నిండా నీళ్ళు. అయినా ఆ ముఖంలో ఉన్నదాన్ని ఆనందం అనక ఇంకేమనాలో నాకు తెలీదు. వాళ్ళమ్మగారు ఇప్పుడు కోలుకున్నారు. కానీ ఆ రాత్రి వాడికి అది తెలీదు కదా. రోజూ చదివే అలవాటు అలాంటి రాత్రి కోసం నిలవ చేసుకున్న బియ్యం లాంటిది.

చివరి చరణం

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఆ 119వ కీర్తన గురించి మాట్లాడుకున్న రోజు, వాడు చివరి చరణం చూపించాడు. 175 చరణాలు దేవుడి మాటని అంతగా ప్రేమించి, పొగిడి, తేనె అని, దీపం అని చెప్పిన మనిషి, 176వ చరణంలో ఏమంటాడో తెలుసా? తప్పిపోయిన గొర్రెలా దారి తప్పాను, నీ సేవకుణ్ణి వెతుక్కో అంటాడు.

అక్కడితో కీర్తన అయిపోతుంది.

"ఇది నాకు చాలా ఇష్టంరా" అన్నాడు వాడు. "ఇంతసేపు నేను దేవుడి మాటని వెతుకుతున్నాననుకుంటాం. చివరికొచ్చేసరికి ఆయనే నన్ను వెతకాలి."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అలమరలోంచి నాన్న గీత తీశాను. ఫోన్ కాదు, పుస్తకం. ఊరి నుంచి తెచ్చుకుని అలాగే ఉంచేశాను. 134వ రోజు ఎక్కడ ఆగానో లెక్కపెట్టాను. రోజుకి రెండు చొప్పున 268 శ్లోకాలు. అంటే ఆరో అధ్యాయం 34, 35.

34లో అర్జునుడు అడుగుతున్నాడు. ఈ మనసు చంచలం, గాలిని పట్టుకున్నట్టే దీన్ని పట్టుకోవడం కష్టం అని. 35లో కృష్ణుడు ఒప్పుకుంటాడు. కష్టమే, కానీ అభ్యాసంతో, వైరాగ్యంతో పట్టు చిక్కుతుంది అని. నేను ఆఖరిగా "పూర్తయింది" అని నొక్కింది వీటి మీద. ఒక్క ముక్క గుర్తు లేదు.

తర్వాత 36, 37. నేను తప్పిపోయిన 135వ రోజు చదవాల్సినవి. 37లో అర్జునుడు ఇంకో ప్రశ్న వేస్తాడు. శ్రద్ధ ఉంది కానీ నిలకడ లేక దారి మధ్యలో జారిపోయినవాడి గతి ఏమిటి కృష్ణా? 38లో, ముక్కలైన మబ్బులా అటూ ఇటూ కాకుండా పోతాడా? అంటాడు. 40లో కృష్ణుడి జవాబు. మంచి చేసేవాడెవడూ దుర్గతి పాలవడు అని. అర్జునుణ్ణి అక్కడ "నాయనా" అన్నంత ప్రేమగా పిలుస్తాడు.

నేను ఏడు నెలలు సిగ్గుతో మూసేసిన పుస్తకంలో, ఆగిన చోటికి ఒక్కరోజు దూరంలో, నా ప్రశ్న ఉంది. దాని పక్కనే జవాబు ఉంది.

ఇంకొకటి చూశాను. నాన్నకి మార్జిన్‌లో పెన్సిల్‌తో తేదీలు వేసే అలవాటు. ఐదో అధ్యాయం చివర 2009 జూన్. ఆరో అధ్యాయం మొదట్లో 2011 మార్చి. మధ్యలో దాదాపు రెండేళ్ళు ఏమీ లేదు. పొద్దున్నే అమ్మకి ఫోన్ చేసి ముందు నా అబద్ధం ఒప్పుకున్నాను. తర్వాత ఆ తేదీల గురించి అడిగాను. "నాన్నమ్మ మంచాన పడిన రోజులు కదరా అవి. పుస్తకం తియ్యడానికే కుదిరేది కాదు. మళ్ళీ ఒక రోజు తీశారు, అంతే" అంది.

మళ్ళీ ఒక రోజు తీశారు, అంతే. నాకు తెలిసిన నిత్యపారాయణం అర్థం ఇప్పుడిదే.

మీరు ఈ వారం ఏం చెయ్యొచ్చు

ఏ గ్రంథమైనా సరే, గీత, భాగవతం, సుందరకాండ, మీ ఇంట్లో ఉన్నది తీసుకోండి. నేను చేసేవి చెప్తాను.

భాగం చిన్నదిగా పెట్టుకోండి. నేను ఇప్పుడు రోజుకి ఒకటే శ్లోకం. కొన్ని రోజులు నిన్నటిదే మళ్ళీ. ఇప్పుడు పదకొండో అధ్యాయంలో ఉన్నాను, తొందర లేదు.

గొంతుతో చదవండి. పక్కవాళ్ళకి వినపడక్కర్లేదు, మీ చెవికి వినపడితే చాలు. నోరు కదిలితే కళ్ళు పరిగెత్తలేవు.

ఒక్క మాట వెంట తీసుకెళ్ళండి. శ్లోకం మొత్తం గుర్తుండకపోయినా ఫరవాలేదు. "అభ్యాసం" అన్న ఒక్క మాటని సిగ్నల్ దగ్గర, క్యాంటీన్ క్యూలో నెమరు వెయ్యండి.

ఏమీ అనిపించని రోజు గురించి బెంగపడకండి. ఆ రోజు కూడా కూర్చుని లేవండి. వర్షం పడని రోజు చెట్టు ఎండిపోదు, వేరు కిందే ఉంటుంది.

మానేసిన రోజులు వస్తే మొదటి నుంచి మొదలెట్టకండి. ఆగిన చోట నుంచే తీయండి. మీ కోసం రాసింది అక్కడే ఉండొచ్చు.

చదువు ముగించి ఇంటికి వెళ్ళే శిష్యుడికి తైత్తిరీయోపనిషత్తులో గురువు ఒక మాట చెప్తాడు, స్వాధ్యాయంలో ఏమరుపాటు వద్దని. చిన్నప్పుడు నాకది హెచ్చరికలా వినపడేది. ఇప్పుడు పెద్దవాళ్ళు బస్సు ఎక్కించేటప్పుడు "అన్నం టైంకి తినరా" అన్నట్టు వినపడుతోంది.

పొద్దున ఆరున్నరకి మా డైనింగ్ టేబుల్ దగ్గర ఇప్పుడు రెండు టీ గ్లాసులుంటాయి. ఒక వైపు వాడి బైబిల్, ఇంకో వైపు నాన్న గీత. ఇద్దరం గొణుగుతుంటాం. ఒకరిది ఒకరికి పెద్దగా అర్థం కాదు, అయినా బాగుంటుంది.

రేపు పొద్దున మీరూ తీయండి. ఆగిపోయి ఎన్నేళ్ళైనా సరే.

వచ్చే వారం వీడియోలో కలుద్దాం. శుభం.